అడిగినదానికే జవాబు

ఈమధ్య ల్యాబుల్లో వాసన రావడం లేదు. ఇదీ ఒక ఫిర్యాదేనా అంటే, నాకు ఫిర్యాదే. మా రోజుల్లో మెడికల్ కాలేజీకి కొత్తగా వచ్చిన కుర్రాడు మైక్రోబయాలజీ డిపార్ట్‌మెంటుకు దారెటని ఎవరినీ అడిగేవాడు కాదు. వరండా మలుపు తిరిగితే చాలు, ముక్కే తీసుకుపోయేది. ఆటోక్లేవులో ఉడుకుతున్న అగరు, నేల తుడిచిన లైసాలు, మూత సరిగ్గా పడని ఈథర్ సీసా, వీటన్నిటికీ అడుగున పొద్దున్నే వచ్చిన మోషన్ శాంపిళ్లు. ఇప్పుడు ఏసీ గది, గాజు తలుపు, బల్ల మీద తెల్లటి యంత్రం. లోపల ఏం జరుగుతోందో యంత్రానికి తెలియాలి, లేదా దాన్ని అమ్మిన కంపెనీకి తెలియాలి. పక్కన కూర్చున్న పిల్లకు తెలిసేది తెర మీద పడే ‘డిటెక్టెడ్’, ‘నాట్ డిటెక్టెడ్’. అంతే.

శాంపిల్ తెచ్చే తీరు కూడా మారింది. ఇప్పుడు మూతకే చెంచా అతికించిన ప్లాస్టిక్ డబ్బా, దాని మీద బార్‌కోడు. మా కోస్తా జిల్లాలో అప్పుడు అగ్గిపెట్టే గతి. దాన్ని ఆకులో చుట్టి, నారతో కట్టి, రెండు చేతులతో మర్యాదగా అందించేవారు. ఎంత ఎక్కువిస్తే అంత బాగా చూస్తారన్న నమ్మకంతో హార్లిక్స్ సీసా నిండా తెచ్చిన పెద్దమనుషులూ ఉన్నారు. మేం స్లైడు మీద పెట్టేది రెండు మిల్లీగ్రాములు.

ఆ రెండు మిల్లీగ్రాముల్లో ఎంత లోకం ఉండేదో! స్లైడుకు ఒక పక్క సెలైన్ చుక్క, రెండో పక్క అయోడిన్ చుక్క. అగ్గిపుల్ల కొసతో కలిపి కవర్ స్లిప్ వేసి, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క ఫీల్డూ వదలకుండా చూడాలి. ఏలికపాము గుడ్డు దొరకడం పెద్ద గొప్పేం కాదు. ఆడపురుగు రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది, చూడనివాడికి కూడా అది కనిపిస్తుంది. కొంకిపురుగు గుడ్డు పల్చటి పెంకుతో, లోపల నాలుగు కణాలతో, పొడవు 60 మైక్రాన్లు, వెడల్పు 40. దాన్ని పట్టడానికి కొంచెం ఓపిక కావాలి. అసలు పరీక్ష ఎక్కడంటే, గుడ్డు కాకుండా పిల్లపురుగే కదులుతూ కనిపించినప్పుడు. అది స్ట్రాంజిలాయిడిస్ అయితే వెంటనే లేచి వార్డుకు పరిగెత్తాలి. ఆ రోగికి ఉబ్బసమనో మరోటనో స్టెరాయిడ్ మొదలు పెడితే, పేగుల్లో ఏళ్ల తరబడి నోరు మూసుకుని ఉన్న పురుగు ఒళ్లంతా పాకి ప్రాణం తీస్తుంది. వార్డు నుంచి వచ్చిన చీటీలో దాని పేరు ఉండేది కాదు. ‘మోషన్, ఓవా, సిస్టులు’ అని మాత్రం రాసేవారు. అంటే, ఏముందో చూసి చెప్పండి అని. మేం ఏముందో చూసి చెప్పేవాళ్లం. గుడ్లు లేకపోయినా రక్తకణాలున్నాయా, అమీబా రక్తకణాన్ని మింగి పాకుతోందా, చార్కాట్ లేడెన్ స్ఫటికాలున్నాయా, కొవ్వు చుక్కలు ఎక్కువగా తేలుతున్నాయా, అన్నీ రిపోర్టులో పడేవి.

ఇక ఫైలేరియా. బోదకాలు పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి 10 నుంచి 2 దాకా చేతి వేలికి వచ్చే రక్తంలో తిరుగుతాయి. క్యూలెక్స్ దోమ కుట్టే వేళ అదే కదా. అందుకని సర్వే కూడా రాత్రే. గోదావరి జిల్లాల్లో లాంతరు పట్టుకుని, ఊళ్లో కుక్కలన్నిటికీ పరిచయమై, నిద్రలో ఉన్నవాళ్లను లేపి వేలు గుచ్చి 20 ఘనపు మిల్లీమీటర్ల రక్తం తీసి మందపాటి స్మియర్ వెయ్యాలి. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేవారు. మర్నాడు ఎర్రదనం కడిగేసి, రంగు వేసి చూస్తే, పైన తొడుగుతో, తోక చివర కణకేంద్రకాలు లేకుండా ఉచెరీరియా. తోక కొసన రెండు చుక్కలుంటే బ్రూగియా. ఈ తేడా చెప్పలేని విద్యార్థికి నేను ప్రాక్టికల్స్‌లో మార్కు వేసిన పాపాన పోలేదు. అర్ధరాత్రి లేవడానికి బద్ధకించినవాళ్లకు ఒక అడ్డదారి ఉండేది. పగలే ఒక 100 మిల్లీగ్రాముల డీఈసీ మాత్ర ఇస్తే, అరగంట ముప్పావుగంటలో పిల్లపురుగులు కంగారుపడి రక్తంలోకి వస్తాయి. ఆ మాత్ర 1947లో లెడర్లీ ల్యాబుల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధన నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఇది కూడా ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు. అదో విడి ఫిర్యాదు, ఇంకోసారి చెబుతాను.

పొద్దున పురుగుల పని అయ్యాక మధ్యాహ్నం నాకు బాక్టీరియా పని. డీఎన్‌ఏ దెబ్బతింటే ఈ.కోలై ఎలా బాగుచేసుకుంటుందన్నది మా ప్రొఫెసర్ గారి పిచ్చి. ఆ పిచ్చి నాకూ అంటించారు. సరంజామా ఏమంత లేదు. 254 నానోమీటర్ల క్రిమిసంహారక దీపం ఒకటి, 15 వాట్లది. ఒక స్టాప్‌వాచీ. గాజు పెట్రి ప్లేట్లు. గాజు యూవీని ఆపేస్తుంది కాబట్టి మూత తీసి వెలుగు పడనివ్వాలి. ఇన్ని సెకన్లకు ఇంత శాంపిల్, దాన్ని 9 మిల్లీలీటర్ల సెలైన్‌లో పదింతలు, నూరింతలు, వెయ్యింతలు పల్చన చేసి అగరు మీద పరిచి, మర్నాడు కాలనీలు లెక్కపెట్టి సెమీలాగ్ గ్రాఫు మీద చుక్కలు పెట్టాలి. ఇదంతా పసుపు బల్బు వెలుగులోనే. ప్లేట్లకు నల్లకాగితం చుట్టాలి. మధ్యలో ఎవడైనా ట్యూబ్‌లైటు వేశాడా, ఆ రోజు పనంతా గంగపాలు.

ఎందుకంటే, మామూలు వెలుగు పడితే బాక్టీరియా బతికిపోతుంది. యూవీ తగిలినప్పుడు డీఎన్‌ఏలో పక్కపక్కన ఉన్న థైమీన్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నీలి వెలుగు సాయంతో ఫోటోలయేజ్ అనే ఎంజైము వాటిని విడదీస్తుంది. ఇది ఎలా బయటపడిందో మా ప్రొఫెసర్ గారు ప్రతి బ్యాచికీ చెప్పేవారు. 1948లో అమెరికాలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ల్యాబులో ఆల్బర్ట్ కెల్నర్ యూవీ కొట్టిన స్ట్రెప్టోమైసిస్ కణాలను లెక్కపెడుతున్నాడు. ఎంత జాగ్రత్తగా చేసినా లెక్క కుదరదు. ఒకసారి చచ్చినవే ఎక్కువ, ఇంకోసారి బతికినవే ఎక్కువ. ఉష్ణోగ్రత వల్లేమోనని మొదట దాని వెంట పడ్డాడు. చివరికి తేలిందేమంటే, సీసాలు పెట్టిన గాజు నీళ్లతొట్టి కిటికీ దగ్గర ఉంది, వాటి మీద ఎండ వెలుగు పడుతోంది. 1949లో ఆ సంగతి అచ్చయింది. డీఎన్‌ఏ తనను తాను బాగుచేసుకోగలదన్న మాటకు అక్కడ పునాది పడింది. కెల్నర్ దాని కోసం వెతకలేదు. లెక్క కుదరకపోతే ఆ ప్లేట్లు పారేయకుండా, ఎందుకు కుదరలేదని చూశాడు.

అదే చోట 1944 వేసవిలో ఎవెలిన్ విట్కిన్ అనే అమ్మాయి మొదటిసారి ఈ.కోలైకి యూవీ పెట్టింది. మోతాదు ఎక్కువై అన్నీ చచ్చాయి, నాలుగు కాలనీలు తప్ప. మనవాళ్లయితే ‘ఎక్స్‌పెరిమెంట్ ఫెయిల్’ అని రాసి ప్లేటు ఆటోక్లేవులో పడేస్తారు. ఆవిడ ఆ నాలుగూ ఎందుకు చావలేదని అడిగింది. యూవీని తట్టుకునే రకం దొరికింది. అక్కడి నుంచి తీగ లాగితే, మిరోస్లావ్ రాడ్మాన్ 1970ల్లో ఎస్ఓఎస్ అని పేరు పెట్టిన ఏర్పాటంతా కదిలింది. డీఎన్‌ఏకు దెబ్బ ఎక్కువైతే రెక్‌ఏ ప్రోటీన్ పసిగడుతుంది, లెక్స్‌ఏ అనే కాపలాదారు తప్పుకుంటాడు, అప్పటిదాకా నోరు మూసుకున్న జన్యువులు నలభై దాకా పనిలోకి దిగుతాయి. కణం విభజన ఆపేస్తుంది. మైక్రోస్కోపులో చూస్తే పొట్టి కడ్డీలు కాస్తా సేమ్యా పోగుల్లా సాగి కనిపించేవి. పొద్దున్నుంచీ పురుగులు చూసిన కంటికి మధ్యాహ్నం బాక్టీరియా కూడా పురుగుల్లాగే కనపడేవని మా అటెండరు నవ్వేవాడు. విట్కిన్ గారికి ఈ పనికి లాస్కర్ అవార్డు 2015లో వచ్చింది. అప్పటికి ఆవిడకు తొంభై దాటాయి. 2023లో పోయారు.

పురుగులకూ బాక్టీరియాకూ ఏమిటయ్యా సంబంధం, ఒకే మనిషి రెండూ ఎందుకు చూడటం అని అప్పట్లోనూ అడిగేవారు. జవాబు మందుల షాపులో ఉండేది. నారికురుపు గుర్తుందా? రాయలసీమ, పాలమూరు వైపు దిగుడు బావుల నీళ్లు తాగినవాళ్ల కాళ్లలోంచి మూరెడు పురుగు బయటికొచ్చేది. దానికి ల్యాబు అక్కర్లేదు, పుల్లకు చుట్టి రోజుకింత లాగడమే వైద్యం. వాపు తగ్గి పురుగు సులువుగా రావడానికి ఆ రోజుల్లో నిరిడజోల్ ఇచ్చేవారు. ఈలోగా కాలిఫోర్నియాలో బ్రూస్ ఏమ్స్ 1973 నాటికి ఒక పరీక్ష తయారు చేశాడు. హిస్టిడిన్ లేకపోతే పెరగలేని సాల్మొనెల్లా తీసుకుని, దాని డీఎన్‌ఏ మరమ్మతు జన్యువు ఒకటి తీసేసి, అనుమానం ఉన్న రసాయనం పక్కన పెడతారు. 37 డిగ్రీల్లో రెండు రోజులు. డీఎన్‌ఏ మారిన కణాలు హిస్టిడిన్ లేకుండానే కాలనీలు కడతాయి. ఆ ప్లేట్ల మీద నిరిడజోల్ పెడితే కాలనీలు పుట్టుకొచ్చాయి. బిల్హార్జియా పురుగుకు వాడిన హైకాంథోన్ కూడా సాల్మొనెల్లాలో డీఎన్‌ఏను మారుస్తుందని 1971లోనే బయటపెట్టారు. పురుగును చంపే మందు డీఎన్‌ఏను ఏం చేస్తోందో చెప్పింది బాక్టీరియా. అందుకే ఒకే బల్ల మీద రెండు పనులూ నడిచాయి. నారికురుపు చివరికి ఏ మందుతోనూ పోలేదనుకోండి. నీళ్లు వడకట్టి, దిగుడు బావులు మార్చి, చెరువుల్లో టెమిఫాస్ చల్లి పోగొట్టారు. మన దేశంలో చివరి కేసు 1996లో, విముక్తి సర్టిఫికెట్ 2000లో.

ఇలా చెబుతున్నానని మా రోజుల్లో అంతా స్వర్గమే అనుకునేరు. పిపెట్ నోటితో పీల్చేవాళ్లం. సెలైనే కాదు, అన్నీ. పైన దూది పెట్టుకుంటే చాలు, క్షేమమే అని నమ్మకం. ఆ నమ్మకాన్ని మళ్లీ తెమ్మంటే నేనే మొదట అడ్డుపడతాను. పురుగుల లెక్కకు కాటో కాట్జ్ పద్ధతి వచ్చాక 41.7 మిల్లీగ్రాముల చిల్లు పలకతో మలం కొలిచి, వచ్చిన గుడ్లను 24తో గుణిస్తే గ్రాముకెన్నో తేలేది. బాగానే ఉంది. కానీ గ్లిసరిన్ ఎక్కువసేపు పనిచేస్తే కొంకిపురుగు గుడ్డు పారదర్శకమై మాయమవుతుంది. అరగంట నుంచి గంటలోపు చూడాలి. టీకి వెళ్లొస్తే పురుగు లేనట్టే. ఆ లెక్కన ఎన్ని ఊళ్లలో ఎంత కొంకిపురుగు టీ కప్పుల్లో మునిగిపోయిందో దేవుడికెరుక.

మా మనవరాలు హైదరాబాదులో ఈ.కోలై మీదే పీహెచ్‌డీ చేస్తోంది. పండక్కి వచ్చినప్పుడు నా గొణుగుడంతా వింది. “తాతయ్యా, మీ స్లైడులో అల్బెండజోల్‌కు లొంగని పురుగు కనిపిస్తుందా?” అంది. కనిపించదు. గుడ్డు ఒకేలా ఉంటుంది. బీటా ట్యూబులిన్ జన్యువులో 167, 198, 200 స్థానాల్లో ఏదో ఒక మార్పు ఉందో లేదో పీసీఆరే చెప్పాలి. “2015 నుంచి బడిపిల్లలకు ఏటా నులిపురుగుల మాత్ర ఇస్తున్నారు. పురుగులు తగ్గాయి. పొట్టలో రెండో మూడో ఉంటే మీ రెండు మిల్లీగ్రాముల్లో గుడ్డు పడుతుందా?” అంది. పడకపోవచ్చు. “బోదకాలుకు ఇప్పుడు స్ట్రిప్ ఉంది. పగలే వేలు గుచ్చి, పది నిమిషాల్లో పెద్దపురుగు యాంటిజెన్ ఉందో లేదో చెబుతుంది. మీరు ఎవరినీ నిద్ర లేపక్కర్లేదు” అంది. అదీ నిజమే. పది నిమిషాలు దాటాక చూస్తే లేని గీత వస్తుందని, బ్రూగియా దానికి తెలియదని నేను అన్నాను. రాత్రి సర్వే ఇప్పటికీ పూర్తిగా మానలేదని కూడా అన్నాను. ఓడిపోయేవాడు చివర్లో అనే మాటలే అవి, నాకూ తెలుసు.

తర్వాత ఫోనులో తన ప్రయోగం చూపించింది. సన్నటి గాళ్లలో ఒక్కొక్క బాక్టీరియా. పైన మీడియా పారుతోంది. ఎస్ఓఎస్ జన్యువుల్లో ఒకటైన సల్ఏ దగ్గర ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ తగిలించారు. సిప్రోఫ్లాక్సాసిన్ తగలగానే డీఎన్‌ఏ తెగి, కొన్ని కణాలు వెలిగాయి, కొన్ని వెలగలేదు. ఒకే తల్లి బిడ్డలు, ఒకే మందు. ఒకటి బెదిరింది, ఒకటి బెదరలేదు. మేం ఏం చూశాం? మర్నాటికి ఎన్ని బతికాయో లెక్కపెట్టాం. బతకడానికి రాత్రంతా ఏం పాట్లు పడ్డాయో మాకు కనిపించలేదు. వెలగని కణాల సంగతేమిటని అడిగాను. “అదే తెలియడం లేదు తాతయ్యా, మా గైడు గారు అడిగింది అది కాదు, కానీ నేను దాని వెంటే పడ్డాను” అంది. ఆ మాటకు నా కోపం సగం దిగింది. యంత్రం మీద నాకున్నది కోపం కాదని కూడా అప్పుడే తేలింది.

మిగిలిన సగం కోపం ఎక్కడుందో చెబుతాను. ఈమధ్య మా బావమరిదికి ఉబ్బసం ముదిరింది. రక్తంలో ఇయోసినోఫిల్స్ ఎక్కువ. స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు మోషన్ పరీక్ష చేయించమన్నాను. ఒక పెద్ద ప్రైవేటు ల్యాబులో పీసీఆర్ ప్యానెల్ చేశారు. వేలల్లో బిల్లు, రంగుల్లో రిపోర్టు. అన్నీ ‘నాట్ డిటెక్టెడ్’. “చూశారా బావా, అంతా క్లియర్” అని మురిసిపోయాడు. చదివాను. బాక్టీరియాలు, వైరస్‌లు, పరాన్నజీవుల కింద అమీబా, జియార్డియా, క్రిప్టోస్పోరిడియం, సైక్లోస్పోరా. పురుగు ఒక్కటీ లేదు. ఫోను చేసి స్ట్రాంజిలాయిడిస్ చూశారా అన్నాను. “సార్, అది ప్యానెల్లో లేదు” అన్నారు. పోనీ స్లైడు ఎవరైనా చూశారా అన్నాను. ఆ ప్రశ్న అవతలివారికి అర్థం కాలేదు. చివరికి మళ్లీ శాంపిల్ ఇప్పించి, నా పాత శిష్యుడొకడి చేత వరసగా మూడు రోజులు చూపించాం. ఏమీ లేదు. మా బావమరిది ఇప్పటికీ నన్ను దెప్పుతుంటాడు. దెప్పనీ. ఏమీ లేదని ఒక మనిషి చూసి చెప్పాడు. ప్యానెల్ చెప్పింది ఏమీ లేదని కాదు, తనను అడిగినవి లేవని.

ఇదీ నా గొణుగుడు. పీసీఆర్‌కు ప్రైమర్ ఇస్తేనే చూస్తుంది, ఇవ్వనిది దాని లోకంలో లేదు. స్లైడుకు ప్రైమర్ లేదు. నా మనవరాలు ఊరుకుంటుందా? “ఇప్పుడు మెటాజీనోమిక్స్ ఉంది, శాంపిల్లో ఉన్న డీఎన్‌ఏ అంతా చదివేస్తుంది, అడగనిది కూడా చెబుతుంది” అంది. చెబుతుంది, ఒప్పుకున్నాను. కానీ కోట్లాది ముక్కలు చదివి, డేటాబేసులో పేరున్నవాటికి పేరు పెట్టి, మిగతాది ‘అన్‌క్లాసిఫైడ్’ అని పక్కన పెడుతుంది. ఆ పక్కన పెట్టినదాన్ని ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. విట్కిన్ గారి నాలుగు కాలనీలూ ఆ రోజు అన్‌క్లాసిఫైడే. పరిశోధన ల్యాబులో చూడటానికి నా మనవరాలికి టైముంది, స్టైపెండు వస్తోంది. రోగుల ల్యాబులో ఆ టైముకు ఎవరూ డబ్బివ్వరు. పరీక్షకింత అని బిల్లు, పరీక్ష పేరులో లేనిది చూస్తే దండగ. మైక్రోస్కోపు బీరువాలోకి పోయింది ఇందుకు. పీసీఆర్ వచ్చి తోసేయలేదు.

కాబట్టి ల్యాబులు నడిపే అయ్యలకు, అమ్మలకు ఒక సలహా. యంత్రాలు కొనండి, ప్యానెళ్లు పెట్టండి, నేను వద్దనను. రిపోర్టు ఫారం అడుగున మాత్రం ఒక గడి పెట్టించండి: ‘ఇంకేమైనా కనిపించిందా?’ అని. దాన్ని ఖాళీగా వదలకూడదు, ‘ప్యానెల్లో లేదు’ అని రాయకూడదు, చూసినవాళ్లు సంతకం పెట్టాలి. ఆ గడి నింపడానికి టెక్నీషియన్‌కు శాంపిల్‌కు పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ పది నిమిషాల జీతం ఇవ్వండి.